‘సర్వర్ డౌన్’ అంటే ఎక్కడ డౌన్? పింగ్ ఎంతవరకు చెప్తుంది, దాన్ని బ్లాక్ చేయాలా?

గుడిబండ, మడకశిర, హిందూపురం... ఏ ఆన్‌లైన్ సెంటర్ మెట్లెక్కినా ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది: “సర్వర్ డౌన్ ఉంది భాయ్, రేపు రండి.” ఆధార్ అయినా, పిల్లల స్కాలర్‌షిప్ అయినా, రేషన్ షాపులో వేలిముద్ర అయినా అదే జవాబు. మనం కూడా సంచీలో కాగితాలు సర్దుకుని వెనక్కి వచ్చేస్తాం. ఎవరి సర్వర్, ఎక్కడ డౌన్ అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

‘రేపు’ అనేది ఉన్నంతవరకు దీంతో పెద్ద నష్టం లేదు. ఆఖరు తేదీ దగ్గర పడినప్పుడే అసలు కష్టం. 2025లో ఉమీద్ పోర్టల్ దగ్గర మనవాళ్లు చూసింది అదే. వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి జూన్ 6న పోర్టల్ తెరిచారు, గడువు ఆరు నెలలు. ముతవల్లీ వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు వైపు ఒకరు తనిఖీ చేయాలి, ఇంకొకరు ఆమోదించాలి. ఆఖరి రోజుల్లో పోర్టల్ నెమ్మదించిందని, మధ్యలో ఆగిపోతోందని చాలా రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. డిసెంబర్ 1న సుప్రీంకోర్టు అందరికీ కలిపి గడువు పెంచడానికి ఒప్పుకోలేదు, ఇబ్బంది ఉన్నవాళ్లు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చని చెప్పింది. పోర్టల్ మూసే సమయానికి 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలైతే, ఆమోదం దాకా వచ్చినవి 2 లక్షల 16 వేల పైచిలుకు. ఈ తేడా అంతా సర్వర్ వల్లే అని నేననను, దాదాపు అన్ని లక్షలు తనిఖీ దశలోనే ఉండిపోయాయి. కానీ ట్రిబ్యునల్ ముందు నిలబడి “సర్వర్ పనిచేయలేదు సార్” అంటే అది ఒక మాట మాత్రమే. ఏ రోజు, ఎన్ని గంటలకు, తెర మీద ఏ మెసేజ్ వచ్చింది, వేరే నెట్ మీద చూస్తే ఏమైంది అని చూపిస్తే అది వేరే మాట.

నేను చదివింది బీకాం, ఇంజనీరింగ్ కాదు. కాబట్టి లెక్కల భాషలోనే చెప్తాను. ట్రయల్ బ్యాలెన్స్ టాలీ కాకపోతే మొత్తం పుస్తకం తప్పని పారేయం. తేడాని సస్పెన్స్ అకౌంట్‌లో పెట్టి, ఏ ఎంట్రీ దగ్గర తప్పు జరిగిందో వెతుకుతాం. ‘సర్వర్ డౌన్’ అనే మాట ఆ సస్పెన్స్ అకౌంట్ లాంటిది. తప్పు ఎక్కడుందో ఇంకా తెలియలేదు అని మాత్రమే దానర్థం. మన కంప్యూటర్ నుంచి ఆ సర్వర్ దాకా మధ్యలో వైఫై రౌటర్ ఉంది, నెట్ కంపెనీ ఉంది, సైట్ పేరుని నంబర్‌గా మార్చే వ్యవస్థ ఉంది, వందల కిలోమీటర్ల కేబుల్ ఉంది. అవన్నీ దాటాక సర్వర్ మిషను, దానిలో నడిచే ప్రోగ్రాము, దాని వెనక డేటాబేసు. ఏది ఆగినా మన తెర మీద కనిపించేది ఒకటే, తిరిగే చక్రం.

పింగ్ అంటే వాకిట్లో సలాం

ఈ వెతుకులాటలో అందరూ మొదట పట్టుకునే పనిముట్టు పింగ్. విండోస్ కంప్యూటర్‌లో స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొడితే నల్ల తెర వస్తుంది. అందులో పింగ్ అని రాసి, స్పేస్ ఇచ్చి, సైట్ పేరు రాసి ఎంటర్ కొట్టడమే. చిన్న ప్యాకెట్ ఒకటి అక్కడికి వెళ్తుంది, అవతలి మిషను అదే ప్యాకెట్‌ని తిప్పి పంపిస్తుంది, పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కనిపిస్తుంది. ఈ ప్రోగ్రామ్‌ని 1983 డిసెంబర్‌లో అమెరికా సైన్యానికి చెందిన పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ రాశారు. వాళ్ల నెట్‌వర్క్‌లో ఏదో తేడా వస్తుంటే కనుక్కోవడానికి రాసుకున్న చిన్న పనిముట్టు అది. జలాంతర్గాముల సోనార్ చేసే శబ్దం నుంచి ఆ పేరు పెట్టారు.

మన భాషలో చెప్పాలంటే ఇది ఎవరింటి వాకిట్లోనో నిలబడి సలాం చెప్పడం. లోపల నుంచి జవాబు వస్తే ఇంట్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. మన పని చేసిపెడతాడా లేదా అన్నది తెలియదు. జవాబు రాకపోతే ఇంట్లో ఎవరూ లేరనీ అనలేం. నిద్రలో ఉండొచ్చు, పలకడం ఇష్టం లేకపోవచ్చు, మనం తప్పు వీధిలో నిలబడి ఉండొచ్చు. మూడుసార్లు పిలిచి పలకకపోతే తిరిగిపొమ్మని మన పెద్దలు నేర్పారు. విండోస్ నాలుగుసార్లు పిలుస్తుంది.

అందుకే పింగ్‌ని దగ్గర నుంచి దూరానికి వాడాలి. మొదట ఇంట్లో రౌటర్‌కి పింగ్ కొట్టండి. చాలా ఇళ్లలో దాని నంబరు 192.168.1.1 లేదా 192.168.0.1. అదే పలకకపోతే ఢిల్లీలో సర్వర్‌ని తిట్టి లాభం లేదు, వైఫై లేదా వైరు చూసుకోవాలి. అది పలికితే 8.8.8.8కి కొట్టండి. ఇది గూగుల్ నడిపే నంబరు, ప్రపంచమంతా టెస్ట్‌కి వాడుతుంది. ఇక్కడ ఆగితే మీ నెట్ కంపెనీ దగ్గర సమస్య. ఇదీ పలికితే అప్పుడు మీకు కావలసిన సైట్ పేరు.

వచ్చే మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉంటాయని చదవకుండా వదిలేస్తాం, విషయమంతా అక్కడే ఉంటుంది. ‘కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్’ అంటే సైట్ పేరుకి నంబరు దొరకలేదు. ఫోన్‌బుక్‌లో పేరే లేనట్టు. స్పెల్లింగ్ చూడండి, తర్వాత వేరే నెట్‌లో చూడండి. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని వస్తే, ‘రిప్లయ్ ఫ్రమ్’ పక్కన ఏ నంబరు ఉందో చూడాలి. అది మీ సొంత కంప్యూటర్ నంబరే అయితే తప్పు మీ గడప దాటలేదు. వేరే నంబరైతే దారిలో ఏదో రౌటర్ “ఇక్కడి నుంచి ముందుకు దారి లేదు” అని మర్యాదగా చెప్తోంది. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ ఒక్కటే అర్థం కాని జవాబు. పోయింది, తిరిగి రాలేదు, ఎందుకో తెలియదు. జనం ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే, ఎందుకంటే చాలా సర్వర్లు పింగ్‌కి జవాబు ఇవ్వకుండా కావాలనే పెట్టుకుంటాయి. ప్రభుత్వ సైట్లలో ఇది మరీ మామూలు. పేజీ చక్కగా తెరుచుకుంటూనే ఉంటుంది, పింగ్ మాత్రం నాలుక కరుచుకుని కూర్చుంటుంది.

మిల్లీసెకన్లు కూడా కొంత చెప్తాయి. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి 1000 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ 10 మిల్లీసెకన్లు. హిందూపురం నుంచి బెంగళూరులో ఉన్న సర్వర్‌కి 300 మిల్లీసెకన్లు చూపిస్తే దూరం కారణం కాదు. దారిలో రద్దీ ఉంది, లేదా మీ ట్రాఫిక్ ఎక్కడో చుట్టు తిరిగి పోతోంది. గుడిబండ లాంటి సరిహద్దు ఊర్లలో ఫోన్ ఒక్కోసారి కర్ణాటక వైపు టవర్‌ని పట్టుకుంటుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ నత్తలా నడుస్తుంది. (చిక్కబళ్లాపుర జిల్లాలో కూడా ఒక గుడిబండె ఉంది. మ్యాప్ చూసి కొరియర్ అబ్బాయిలు తికమక పడేది అందుకే.)

నాలుగు రోజులు, నాలుగు రకాల ‘డౌన్’

2021 అక్టోబర్ 4, సోమవారం రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోవడం చాలామందికి గుర్తుంటుంది. ఫోన్ పాడైందని రీస్టార్ట్ కొట్టినవాళ్లు ఎందరో. ఫేస్‌బుక్ తన నెట్‌వర్క్‌లో మరమ్మతు చేస్తూ ఇచ్చిన ఒక కమాండ్ వల్ల, తమ దగ్గరికి ఏ దారిలో రావాలో ఇంటర్నెట్‌కి చెప్పే సమాచారమే మాయమైంది. మిషన్లు బతికే ఉన్నాయి, వాటి దగ్గరికి పోయే దారీ వాటి పేరుకి నంబరూ దొరకలేదు. దాదాపు ఆరు గంటలు పట్టింది.

2025 సెప్టెంబర్ 6న ఎర్ర సముద్రంలో జెద్దా దగ్గర కేబుళ్లు తెగాయి. మన దేశం, పాకిస్తాన్, యూఏఈ అన్నింటిలో ఇంటర్నెట్ నెమ్మదించింది. సర్వర్‌కి ఏమీ కాలేదు, దారి తెగింది. ఇలాంటప్పుడు ట్రేస్‌రూట్ అనే ఇంకో కమాండ్ పనికొస్తుంది, విండోస్‌లో ట్రేసర్ట్. దారిలో ఒక్కో మజిలీని వరుసగా చూపిస్తుంది. మధ్యలో చుక్కలు కనిపిస్తే కంగారు పడొద్దు, కొన్ని రౌటర్లు జవాబివ్వవు. చుక్కల తర్వాత మళ్లీ నంబర్లు వస్తే దారి బాగానే ఉన్నట్టు. ఒకచోట నుంచి చివరిదాకా చుక్కలే అయితే అప్పుడు ఆ చోటుని అనుమానించాలి.

2025 నవంబర్ 18, సాయంత్రం ఐదు కాకముందే ఎక్స్, చాట్‌జీపీటీ లాంటివి తెరుచుకోలేదు. వాటి ముందు కాపలాగా ఉండే క్లౌడ్‌ఫ్లేర్‌లో ఒక ఫైలు ఉండాల్సినదానికన్నా పెద్దదై, దాన్ని చదవాల్సిన ప్రోగ్రామ్ పడిపోయింది. దారి ఉంది, మిషను ఉంది, పేజీ అడిగితే 500 వరస ఎర్రర్. పింగ్ పలికినంత మాత్రాన పని జరుగుతుందని కాదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఈ ఎర్రర్ నంబర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమేం కాదు. 404 అంటే సర్వర్ ఉంది, మీరడిగిన పేజీ లేదు. 403 అంటే ఉంది కానీ మీకు చూపించను అని. కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశాల నుంచి వచ్చేవాళ్లని ఆపేస్తాయి, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయికి తెరుచుకోని సైటు ఇక్కడ అమ్మీ ఫోన్‌లో తెరుచుకునేది అందుకే. 503 అంటే దుకాణం తెరిచే ఉంది, జనం ఎక్కువై లోపలికి రానివ్వడం లేదు. 504 అంటే కౌంటర్‌లో మనిషి పలికాడు, గోడౌన్ నుంచి జవాబు రాలేదు. 503, 504 వస్తే మీ నెట్ బాగున్నట్టే. రాత్రి పొద్దుపోయాకో, ఫజర్ తర్వాతో ప్రయత్నిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

నాలుగోది యూపీఐ. 2025 ఏప్రిల్ 12, శనివారం మధ్యాహ్నం కొన్ని గంటలపాటు ఫోన్‌పే, గూగుల్‌పే, పేటీఎం అన్నీ తడబడ్డాయి. ఎన్‌పీసీఐ వెతికితే తేలింది ఏమంటే, పేమెంట్ల రద్దీ ఒక్కటే కారణం కాదు. కొన్ని బ్యాంకుల సిస్టమ్‌లు “ఆ పేమెంట్ ఏమైంది, ఏమైంది” అని పాత పేమెంట్ల గురించి కూడా పదేపదే అడుగుతూ పోయాయి. ఆ ప్రశ్నల వరదకే సర్వర్ మోకాళ్ల మీద పడింది. ఒకసారి అడిగాక 90 సెకన్లు ఆగి అడగాలనే నిబంధన అప్పట్లో ఉండేది, దాన్ని పాటించలేదు. తర్వాత ఆగస్టు 1 నుంచి మనకి కూడా పరిమితి పెట్టారు, ఒక యాప్‌లో బ్యాలెన్స్ రోజుకి 50 సార్లకు మించి చూడలేం. ఇది పింగ్ కాదు, కానీ సంగతి ఒకటే. “బతికున్నావా” అని అడగడమే అతి అయితే బతికున్నవాడినీ పడగొడుతుంది. ఆఖరు రోజున వందమంది ఒకేసారి రిఫ్రెష్ కొట్టడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఇంకో చిన్న విషయం, సెంటర్లలో తరచుగా కనిపించేది. పాత కంప్యూటర్‌లో లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సైట్ల భద్రతా సర్టిఫికెట్ చెల్లనట్టు కనిపిస్తుంది, బ్రౌజర్ ఒక్క సురక్షిత సైటునీ తెరవదు. చూసేవాళ్లకి అది కూడా ‘సర్వర్ డౌనే’. తెర మూలన గడియారం చూడండి, బ్యాటరీ ఖర్చు చాలా తక్కువ.

గడువు ఉన్న పని అయితే ఇవన్నీ చూస్తూనే ఫొటోలు తీసిపెట్టుకోవాలి. ఫొటోలో సైట్ అడ్రస్, ఎర్రర్ మెసేజ్, తేదీ, టైం నాలుగూ కనిపించాలి. ఒకసారి సెంటర్ నెట్ మీద, ఒకసారి ఫోన్ డేటా మీద తీయండి. రెండింట్లోనూ ఒకే ఎర్రర్ అయితే తప్పు మీ వైపు కాదని ఆ రెండు ఫొటోలే చెప్తాయి. అదే రోజు ఆ పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కి రెండు లైన్ల మెయిల్ పంపండి. జవాబు రాకపోయినా పంపిన తేదీ రికార్డులో ఉంటుంది. దాన్ని ఎవరు ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వాళ్ల చేతిలో పని, మన చేతిలో ఉన్నది ఖాళీ చేతులతో పోకుండా ఉండడం.

మరి పింగ్‌ని బ్లాక్ చేయాలా?

ఇది సొంత సర్వర్ లేదా సొంత వెబ్‌సైట్ నడిపేవాళ్ల ప్రశ్న. కోచింగ్ సెంటర్, మదర్సా అడ్మిషన్ల సైటు, పట్టు గూళ్ల వ్యాపారి లెక్కల సాఫ్ట్‌వేర్, మసీదు కమిటీ పెట్టుకున్న పేజీ, ఏదైనా కావచ్చు. సెట్ చేసే కుర్రాడు “సేఫ్టీ కోసం పింగ్ ఆపేశాను అన్నా” అంటాడు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1990ల నుంచి. అప్పట్లో ‘పింగ్ ఆఫ్ డెత్’ అని ఒకటుండేది, కొలత మించిన ఒక్క ప్యాకెట్ పంపితే కంప్యూటర్ స్తంభించేది. ‘స్మర్ఫ్’ అని ఇంకోటి, ఒక్క పింగ్‌ని వందల మిషన్లకి చేర్చి, వాటి జవాబులన్నీ ఒక్కరి నెత్తిన కుమ్మరించేది. మొదటిదానికి సాఫ్ట్‌వేర్‌లోనే మందు పడింది. రెండోదానికి దారి మూసేలా 1999లోనే రౌటర్ల నిబంధన మార్చారు. భయం మాత్రం మిగిలిపోయింది.

కనిపించకుండా ఉంటే దొంగ రాడు కదా అని రెండో వాదన. దీపం ఆర్పేసి తలుపు తెరిచిపెట్టినట్టు ఉంటుంది ఇది. వెబ్‌సైట్ నడవాలంటే 443 అనే ద్వారం తెరిచి ఉండాలి. దొంగలు ఇప్పుడు సలాం చెప్పి రారు, నేరుగా ఆ తలుపు తోసి చూస్తారు. 2013లో అమెరికా పరిశోధకులు విడుదల చేసిన జీమ్యాప్ అనే ప్రోగ్రామ్ ఒక్క కంప్యూటర్‌తో, ఒక ద్వారం కోసం, ఇంటర్నెట్‌లో ఉన్న పాత రకం అడ్రస్‌లన్నింటినీ 45 నిమిషాల్లోపు తట్టి రాగలదని చూపించారు. ఆ అడ్రస్‌లు మొత్తం దాదాపు 430 కోట్లు. పింగ్ ఆపేసి దీని నుంచి దాక్కోవడం కుదరదు.

నష్టం మాత్రం ఖాయంగా ఉంది. సైట్ ఆగిందని కస్టమర్ ఫోన్ చేస్తే, మిషను ఆగిందా, ప్రోగ్రామ్ ఆగిందా అని మొదట తేల్చే సులువైన పరీక్ష మీరే చేజేతులా పోగొట్టుకున్నారు. ఇంకా పెద్ద తప్పు, పింగ్ ఆపబోయి ఐసీఎంపీ మొత్తం ఆపేయడం. పింగ్ అనేది ఐసీఎంపీ అనే పెద్ద కుటుంబంలో ఒకటి మాత్రమే. అదే కుటుంబంలో “నీ ప్యాకెట్ ఈ దారికి పెద్దదైంది, చిన్నది చేసి పంపు” అని చెప్పే మెసేజ్ ఉంటుంది. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. చాలా ఫైబర్ కనెక్షన్లలో 1492 మాత్రమే పడుతుంది. ఆ మెసేజ్‌ని సర్వర్ ఫైర్‌వాల్ మింగేస్తే, సర్వర్ పెద్ద ప్యాకెట్లే పంపుతూ ఉంటుంది, అవి దారిలో పోతూనే ఉంటాయి. లాగిన్ పేజీ వస్తుంది, దాని తర్వాత పెద్ద పేజీ మధ్యలో నిలిచిపోతుంది. అందరికీ కాదు, కొందరికే. చాలా రౌటర్లు దీన్ని ముందే సర్దుకుంటాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే రోజూ గోలే. కొత్త రకమైన ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చేయవు, ఈ మెసేజే దిక్కు. జియో మొబైల్ నెట్ ఎక్కువ భాగం ఐపీవీ6 మీదే నడుస్తుంది, అంటే మన కస్టమర్లలో సగం మంది ఆ దారినే వస్తుంటారు.

అసలు 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణాల్లోనే, ప్రతి మిషనూ పింగ్‌కి జవాబు ఇవ్వగలిగి ఉండాలని రాశారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బయటికి సేవ చేసే సర్వర్‌లో పింగ్‌ని ఆపొద్దు, హద్దు పెట్టండి. సెకనుకి కొన్ని జవాబులు మాత్రమే ఇవ్వమంటే వరద వచ్చినా సర్వర్ ఊపిరాడకుండా కాదు. ‘చేరలేదు’, ‘పెద్దదైంది’, ‘టైం అయిపోయింది’ అనే మెసేజ్‌లని ఎప్పుడూ వదలండి. కరెక్షన్ చేసే కుర్రాడితో “ఐసీఎంపీ మొత్తం ఆపావా, ఎకో మాత్రమేనా” అని ఒక్కమాట అడిగితే అతనికి విషయం తెలుసో లేదో కూడా బయటపడుతుంది. నిజంగా పెద్ద పింగ్ వరద వస్తే మాత్రం మీ సర్వర్‌లో ఆపినా ఉపయోగం లేదు, మీ కేబుల్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. దాన్ని పైన నెట్ కంపెనీయే ఆపాలి.

ఇంటి కంప్యూటర్ సంగతి వేరు. అది ఎవరికీ సేవ చేయడం లేదు, పలకాల్సిన పని లేదు. విండోస్ ఫైర్‌వాల్ 2004 నుంచి బయటి పింగ్‌లకి జవాబివ్వకుండానే వస్తోంది. చాలా ఇళ్ల కనెక్షన్లలో బయటి నంబరు పదిమందితో కలిసి వాడుకునేది కాబట్టి, బయటి నుంచి ఎవరైనా పింగ్ కొడితే పలికేది కూడా నెట్ కంపెనీ మిషనే.

మన ఊళ్లలో అసలు భయపడాల్సింది దుకాణాల్లో, ఇళ్లలో పెట్టుకున్న సీసీ కెమెరా డబ్బాల గురించి. దుబాయ్ నుంచి ఇల్లు చూసుకోవాలని రౌటర్‌లో ద్వారం తెరిపిస్తారు, పాస్‌వర్డ్ మాత్రం కంపెనీ ఇచ్చిందే ఉంచుతారు. 2016లో మిరాయ్ అనే వైరస్ 60కి పైగా ఇలాంటి తయారీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని కెమెరాలు, రౌటర్లు లక్షల్లో వశం చేసుకుంది. అక్టోబర్ 21న అలాంటివాటితో డిన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. ఆ కెమెరాలు పింగ్‌కి పలికాయా లేదా అని ఆ వైరస్ అడగలేదు. కెమెరా పెట్టినవాళ్లని పిలిచి పాస్‌వర్డ్ మార్పించండి. ఫోన్ యాప్‌తోనే కెమెరా కనిపిస్తుంటే, రౌటర్‌లో తెరిచిన ఆ ద్వారం మూసేయమనండి.